షుల్జ్ అనే జర్మన్ ఇంటిపేరు: ఒకే శీర్షిక కింద ఎందరు ప్రముఖులు?

సూచిక కర్త:
సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలోని తెలుగు పుస్తకాలకు వ్యక్తినామ సూచిక తయారుచేస్తున్నాను. 'ష' అక్షరం దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురైంది. పాత సూచికలో "షుల్జ్" అనే ఒకే ఒక్క శీర్షిక ఉంది. దాని కింద తెలుగు ముద్రణ చరిత్ర, సహకారోద్యమం, ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రం, నర్సుల పాఠ్యపుస్తకం, వ్యవసాయ ఆర్థిక శాస్త్రం, అన్నిటి పుట సంఖ్యలూ కలగాపులగంగా చేరిపోయాయి. సూచికను నమ్ముకుని వెళ్లే పాఠకుడికి, తెలుగులో తొలి పుస్తకాలు అచ్చు వేయించిన పాదిరీయే సహకార బ్యాంకులు కూడా పెట్టాడని అనిపించే ప్రమాదం ఉంది. వీరిలో ఎవరెవరు వేరు, ఎవరికి ఎవరితో చుట్టరికం ఉంది, ఎవరిని ఏ పేరుతో నమోదు చేయాలి అన్నది తెలిసినవారు దయచేసి వివరించగలరు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ఒకరి పని మరొకరి ఖాతాలో పడడం ఆ మనుషులకు అన్యాయమని నా అభిప్రాయం.

ముద్రణ చరిత్ర అభ్యాసి:
మన భాషకు నేరుగా సంబంధం ఉన్నవారు బెంజమిన్ షుల్జ్ కాబట్టి ఆయనతో మొదలుపెడతాను. 1689లో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతపు సోనెన్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. జర్మనీలోని హాలె నగరంలో చదువుకుని, 1719లో తమిళ తీరంలోని తరంగంబాడిలో ఉన్న డేనిష్ మిషన్‌కు వచ్చారు. అక్కడ తమిళంలో బైబిలు అనువాదం మొదలుపెట్టిన సీగెన్‌బాల్గ్ అదే ఏడాది మరణించగా, ఆయన రూతు గ్రంథం వరకు తెచ్చి ఆపిన పాత నిబంధన అనువాదాన్ని షుల్జ్ పూర్తిచేశారు.

1726లో ఆయన మద్రాసుకు మారారు. ఆ పట్టణంలో తమిళంతో పాటు తెలుగు కూడా వీధుల్లో వినిపించే భాష కావడంతో, ఆయన పట్టుదలతో తెలుగు నేర్చుకుని 1728 నాటికే లాటిన్ భాషలో ఒక తెలుగు వ్యాకరణం రాశారు. ఆ వ్యాకరణం చాలా కాలం రాతప్రతిగానే ఉండిపోయి, 1984లో గానీ హాలెలో అచ్చు కాలేదు. ఆయన తెలుగులోకి అనువదించిన బైబిలుకు అచ్చు యోగమే పట్టలేదు. 1743లో ఆరోగ్యం చెడి జర్మనీకి తిరిగివెళ్లిన తర్వాత, హాలెలో తెలుగు అచ్చు అక్షరాలు తయారుచేయించి, 1746, 1747 సంవత్సరాలలో కొన్ని చిన్న మత గ్రంథాలను తెలుగులో ముద్రింపజేశారు. తెలుగు లిపిలో వెలువడిన తొలి అచ్చు పుస్తకాలుగా మనం చెప్పుకొనేవి ఇవే. 1760లో హాలెలోనే కన్నుమూశారు.

నా దృష్టిలో ఈ మత గ్రంథాల కన్నా విలువైనది, 1750లో హాలెలో ఇంగ్లీషుతో వెలువడిన మద్రాసు సంభాషణల పుస్తకం. ఆ సంభాషణలను షుల్జ్ మొదట తెలుగులోనే రాశారు. ఆనాటి యూరోపియన్లు తెలుగును "జెంటూ" అని పిలిచేవారు కాబట్టి పుస్తకం శీర్షికలోనూ ఆ మాటే ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దపు మొదటి భాగంలో పట్నపు మనుషులు ఎలా మాట్లాడుకునేవారో తెలిపే ఆధారాలు మనకు చాలా తక్కువ. కావ్యభాష ఎంత కావాలంటే అంత దొరుకుతుంది గానీ, బజారులో వాడిన తెలుగు దొరకదు. ఆ లోటును కొంతైనా తీర్చే పుస్తకం కాబట్టి మీ సూచికలో ఆయనకు విడిగా, పూర్తి పేరుతో, సంవత్సరాలతో శీర్షిక ఇవ్వండి. "షుల్జ్" అని మాత్రమే రాసి వదిలేయడం సరికాదు.

హాలె విద్యార్థిని:
నేను ప్రస్తుతం హాలెలోనే చదువుకుంటున్నాను. ముందు ఈ ఇంటిపేరు ఇంత విరివిగా ఎందుకు ఉందో చెబుతాను, ఎందుకంటే సూచిక కర్త గారు అడిగిన చుట్టరికం ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

మధ్యయుగాల జర్మనీలో ప్రభువు తరఫున గ్రామంలో పన్నులు, కట్టుబడులు వసూలు చేసి, చిన్న తగాదాలు తీర్చే ఉద్యోగిని "షుల్ట్‌హైస్" అనేవారు. ఆ పదవి పేరే అరిగి ఇంటిపేరయింది. మనవైపు కరణం అనే ఇంటిపేరు ఉన్న కుటుంబాలన్నీ ఒకే వంశం కానట్టే, ఊరికొక షుల్ట్‌హైస్ ఉన్న దేశంలో షుల్జ్‌లందరూ బంధువులు కానక్కరలేదు. ఈనాటికీ జర్మనీలో అతి సాధారణమైన పది ఇంటిపేర్లలో ఇది ఒకటి. ప్రాంతాన్ని బట్టి రూపం మారుతుంది: తూర్పు, ఉత్తర ప్రాంతాలలో షుల్ట్స్, షుల్ట్‌సె, సైలీషియా వైపు షోల్ట్స్, వెస్ట్‌ఫాలియాలో షుల్టె. 2017 ఎన్నికల్లో సోషల్ డెమోక్రాట్ల ఛాన్సలర్ అభ్యర్థిగా నిలిచిన మార్టిన్ షుల్జ్ ఇంటిపేరూ, 2021లో అదే పార్టీ నుంచి ఛాన్సలర్ అయిన ఓలాఫ్ షోల్జ్ ఇంటిపేరూ ఒకే పదవి నుంచి పుట్టినవే.

ఇక మీ జాబితాలో లేని ఒక షుల్జ్ గురించి చెప్పకుండా ఉండలేను. యోహాన్ హైన్‌రిక్ షుల్జ్ 1687లో మాగ్డెబర్గ్ దగ్గరి కోల్బిట్స్‌లో ఒక దర్జీ ఇంట పుట్టి, ఇదే హాలెలో ఫ్రాంకె స్థాపించిన అనాథాశ్రమ విద్యాలయంలో చదువుకుని, వైద్యం, గ్రీకు, అరబిక్ నేర్చి, ఆల్ట్‌డార్ఫ్‌లోనూ తర్వాత హాలెలోనూ ఆచార్యుడయ్యారు. చీకట్లో వెలిగే పదార్థం ఒకటి తయారుచేయాలని సుద్దను నత్రికామ్లంలో కలిపినప్పుడు, ఆ ఆమ్లంలో అనుకోకుండా కొంత వెండి కరిగి ఉంది. కిటికీ వైపున్న మిశ్రమం నల్లబడి, నీడవైపుది తెల్లగానే ఉండడం ఆయన కంటబడింది. ఎండ వేడి వల్ల ఇలా జరిగిందేమోనని అదే మిశ్రమాన్ని పొయ్యి వేడికి పెట్టి చూస్తే రంగు మారలేదు. అప్పుడు కాగితంలో అక్షరాలు కత్తిరించి సీసాకు చుట్టి వెలుతురులో ఉంచారు. కాగితం తీసేసరికి లోపలి మిశ్రమం మీద ఆ అక్షరాలే నల్లగా నిలిచాయి. సీసా కుదపగానే చెరిగిపోయాయి. 1727లో అచ్చయిన ఈ పరిశీలన ఫొటోగ్రఫీకి పూర్వరంగం. బొమ్మను చెరిగిపోకుండా నిలపడం మాత్రం మరో వందేళ్లకు గానీ సాధ్యం కాలేదు.

బెంజమిన్ షుల్జ్ మద్రాసు నుంచి 1743లో ఇక్కడికి తిరిగివచ్చారు. యోహాన్ హైన్‌రిక్ 1744 అక్టోబరులో ఇక్కడే మరణించారు. కొద్దికాలం ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నారన్నమాట. ఇద్దరి చదువుకూ హాలెతోనే ముడి, పైగా ఇంటిపేరు ఒకటే, కాబట్టి హాలె చరిత్ర చదివేవారు వీరిని కలిపేసే అవకాశం చాలా ఎక్కువ. సూచికలో ఈ ఇద్దరినీ పక్కపక్కనే, విడివిడిగా చూపండి.

రసాయన అధ్యాపకుడు:
ఇంటర్ పుస్తకంలో ఉన్నది "హార్డీ–షుల్జ్ నియమం". ఆ షుల్జ్ పైన చెప్పిన ఇద్దరిలో ఎవరూ కారు. 1882లో ఆర్సెనిక్ సల్ఫైడ్ కొలాయిడ్ ద్రావణం మీద లవణాల ప్రభావాన్ని పరిశీలించి ప్రచురించిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆయన. ఇంగ్లండుకు చెందిన హార్డీ 1900లో ఆ పరిశీలనను విస్తరించారు. నియమం తేలికే: కొలాయిడ్ కణాల మీద ఉన్న ఆవేశానికి వ్యతిరేక ఆవేశం గల అయాను వేలెన్సీ పెరిగేకొద్దీ దాని స్కంధన సామర్థ్యం, అంటే కణాలను గడ్డకట్టించే శక్తి, బాగా పెరుగుతుంది. ఆర్సెనిక్ సల్ఫైడ్ కణాలకు రుణావేశం ఉంటుంది. ఆ పసుపు ద్రావణాన్ని గడ్డకట్టించడానికి ఉప్పు బాగా గాఢంగా కావాలి, బేరియం క్లోరైడు అంతకన్నా చాలా తక్కువ చాలు, అల్యూమినియం క్లోరైడు అయితే అతి కొద్దిగా చాలు. పటికతో మురికినీళ్లు తేరుకోవడం వెనక ఉన్నదీ ప్రధానంగా ఇదే.

రసాయన శాస్త్రంలోనే ఇంకొక షుల్జ్ కూడా ఉన్నారు: ఎర్న్‌స్ట్ షుల్జ్, 1840 నుంచి 1912 వరకు జీవించారు, జ్యూరిక్‌లో పనిచేశారు. మొలకెత్తే లుపిన్ గింజలను పట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధించి, 1886లో తన సహాయకుడు ష్టైగర్‌తో కలిసి ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని వేరుచేశారు. అంతకు ముందే ఫినైల్ అలనిన్‌ను గుర్తించినవారిలోనూ, బీటు రసం నుంచి గ్లుటమిన్‌ను వేరుచేసినవారిలోనూ ఆయన ఉన్నారు. జీవరసాయన పుస్తకంలో "షుల్జ్" అని కనిపిస్తే ఈయన, భౌతిక రసాయన పుస్తకంలో కనిపిస్తే కొలాయిడ్ల షుల్జ్ అని గుర్తుపెట్టుకోవచ్చు.

నర్సింగ్ ట్యూటర్:
ప్రసూతి పాఠాల్లో మేము చెప్పే షుల్జ్ వేరు. బెర్న్‌హార్డ్ జిగ్మండ్ షుల్జ్ 1827లో ఫ్రైబర్గ్‌లో పుట్టి, యేనా విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ప్రసూతి శాస్త్రం బోధించి, 1919లో మరణించారు. కాన్పు తర్వాత మాయ గర్భాశయం గోడ నుంచి విడివడే తీరును మా విద్యార్థినులు రెండు పేర్లతో నేర్చుకుంటారు. మధ్యభాగం ముందుగా విడివడితే, దాని వెనక రక్తం గడ్డగా చేరి, మాయ తిరగబడిన గొడుగులా కిందికి జారి, బిడ్డవైపు ఉండే నునుపైన మెరిసే ముఖం ముందుగా బయటికి వస్తుంది. ఇది షుల్జ్ పద్ధతి. అంచు ముందుగా విడివడితే, తల్లివైపు ఉండే గరుకైన ఎర్రని ముఖం ముందుగా కనిపిస్తుంది, రక్తం కూడా మొదటి నుంచీ బయటికి వస్తూ ఉంటుంది. దాన్ని స్కాట్లండు వైద్యుడి పేరుతో డంకన్ పద్ధతి అంటాం. ఏ పద్ధతిలో వచ్చినా మాయను పళ్లెంలో పరిచి, తమ్మెలన్నీ ఉన్నాయో లేదో, పొరలు పూర్తిగా వచ్చాయో లేదో చూడాల్సిందే. ముక్క లోపల మిగిలిపోతే తల్లి ప్రాణం మీదికి వస్తుంది.

పుట్టగానే ఊపిరి అందని బిడ్డను భుజాల దగ్గర పట్టుకుని పైకి కిందికి ఊపే పద్ధతి ఒకటి ఆయన పేరుతో చాలాకాలం వాడుకలో ఉండేది. ఇప్పుడది పూర్తిగా వదిలేసిన పద్ధతి, ఎవరూ అనుసరించకూడదు.

ఈయన విషయంలో మాత్రం నిజమైన చుట్టరికం ఉంది. కణ శాస్త్రంలో పేరున్న మాక్స్ షుల్జ్ ఈయనకు స్వయానా అన్న, వారి తండ్రి కూడా శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యులే. మాక్స్ 1825లో పుట్టి 1874లోనే పోయారు. ఆ తక్కువ ఆయుర్దాయంలో చేసిన పని చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. కణం అంటే కేంద్రకం ఉన్న జీవపదార్థపు ముద్ద అని 1861లో నిర్వచించి, గోడ ఉంటేనే కణం అన్న పాత భావనను తొలగించారు. 1865లో రక్త ఫలకికలను, అంటే ప్లేట్‌లెట్లను, వర్ణించారు. 1866లో కంటి రెటీనాలోని దండ కణాలు మసక వెలుతురుకూ, శంకు కణాలు పగటి వెలుతురుకూ రంగులకూ సంబంధించినవని, రాత్రిపూట తిరిగే జంతువుల కళ్లనూ పగటి పక్షుల కళ్లనూ పోల్చి చెప్పారు. డెంగీ రోగికి ప్లేట్‌లెట్ల లెక్క చూసే ప్రతిసారీ, ఆ కణాలను మొదట శ్రద్ధగా చూసి రాసిన మనిషి ఈయనే అని విద్యార్థినులకు చెబుతూ ఉంటాను.

సహకార శాఖ విశ్రాంత ఉద్యోగి:
సూచిక కర్త గారూ, సహకారోద్యమం కింద మీకు కనిపించినది హెర్మన్ షుల్జ్-డెలిచ్ అయి ఉంటుంది. మీ చిక్కుకు ఆయన జీవితంలోనే పరిష్కారం ఉంది. 1808లో సాక్సనీలోని డెలిచ్ అనే చిన్న పట్టణంలో పుట్టిన ఆయన పేరు మొదట షుల్జ్ మాత్రమే. 1848 విప్లవ సంవత్సరంలో బెర్లిన్‌లోని ప్రష్యా జాతీయ సభకు ఎన్నికైనప్పుడు, అక్కడ అదే ఇంటిపేరు గల సభ్యులు మరికొందరు ఉండడంతో, ఒకరినొకరు పోల్చుకోవడానికి ఊరి పేరు జోడించారు. అలా చేరిన "డెలిచ్" చివరిదాకా ఆయనతో నిలిచిపోయింది.

వృత్తి రీత్యా న్యాయమూర్తి. యంత్రాల వస్తువులతో పోటీ పడలేక, ముడిసరుకు కొనడానికి వడ్డీ వ్యాపారి దగ్గర చేయి చాచాల్సి వచ్చే చెప్పుల తయారీదారులు, వడ్రంగులు ఆయన కళ్లెదుటే చితికిపోయారు. 1849లో వారిచేత కలిసి తోలు, కలప కొనుక్కునే సంఘాలు పెట్టించారు. 1850లో పరపతి సంఘం ఏర్పాటు చేశారు. సభ్యుడు కొద్దికొద్దిగా కట్టి వాటా కొనాలి, అప్పు తక్కువ కాలానికే ఇవ్వాలి, లాభం వాటాదారులకు పంచాలి, సర్కారు సొమ్ము తీసుకోకూడదు అన్నవి ఆయన పట్టువిడవని సూత్రాలు. ప్రభుత్వమే పెట్టుబడి పెట్టి కార్మికుల ఉత్పత్తి సంఘాలను నిలబెట్టాలన్న జర్మన్ సోషలిస్టు నాయకుడు లసాల్ ఆయనను తీవ్రంగా విమర్శించినా తన దారి మార్చుకోలేదు. 1867లో ప్రష్యాలో వచ్చిన సహకార చట్టం ప్రధానంగా ఆయన కృషి ఫలితం. 1883లో పోట్స్‌డామ్‌లో మరణించారు.

ఇక మన సంబంధం. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం నియమించగా ఫ్రెడరిక్ నికల్సన్ యూరప్ పరపతి సంఘాలను పరిశీలించి 1895, 1897లలో నివేదిక సమర్పించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. నికల్సన్ మనసు రైతుల కోసం గ్రామ సంఘాలు పెట్టిన రైఫైజెన్ వైపు మొగ్గింది. మన పల్లెలకు అదే తగినదని తేల్చారు. 1904 సహకార పరపతి సంఘాల చట్టం సంఘాలను గ్రామీణ, పట్టణ అని రెండుగా విడగొట్టింది. సభ్యులంతా అపరిమిత బాధ్యత వహించే, అంటే సంఘం అప్పులకు తమ ఆస్తి అంతటితో పూచీపడే, గ్రామీణ సంఘానికి రైఫైజెన్ నమూనా, బాధ్యత ఎంతవరకో సంఘమే నిర్ణయించుకునే పట్టణ సంఘానికి షుల్జ్-డెలిచ్ నమూనా ఆధారమయ్యాయి. ఈనాడు మన పట్టణాల్లో చిన్న వ్యాపారులు, ఉద్యోగులు వాటాలు కొని నడుపుకునే సహకార అర్బన్ బ్యాంకుల మూలం అక్కడ ఉంది. శాఖలో పనిచేసినన్నాళ్లూ శిక్షణ తరగతుల్లో రైఫైజెన్ పేరు పదేపదే వినిపించేది, షుల్జ్-డెలిచ్ పేరు ఒక్క వాక్యంలో ముగిసేది. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది, ఎందుకంటే సభ్యుడి సొంత పొదుపు లేకుండా ప్రభుత్వ నిధులతోనే నడిచిన సంఘాలు ఎందుకు కూలిపోతాయో ఆయన ముందే హెచ్చరించారు.

సూచిక కర్త:
ఎంతో స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అయితే డెలిచ్ గారిని 'డ' కింద పెట్టాలా, 'ష' కిందనా? అలాగే ఆర్థిక శాస్త్రం పుటలు ఇంకా మిగిలి ఉన్నాయి. అవి వ్యవసాయం గురించి కాబట్టి సహకారోద్యమంతో కలపవచ్చా?

అర్థశాస్త్ర పాఠకుడు:
కలపకూడదండీ. ఆయన థియోడోర్ షుల్జ్, అమెరికా ఆర్థికవేత్త. 1902లో దక్షిణ డకోటాలో జర్మన్ మూలాలున్న రైతు కుటుంబంలో పుట్టి, 1979లో ఆర్థర్ లూయిస్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. పేద దేశాల రైతు తెలివితక్కువవాడు కాడని, ఉన్న వనరులను చక్కగానే వాడుకుంటున్నాడని, కొత్త విత్తనాలు, చదువు, పరిశోధన అందితే దిగుబడి తానే పెంచుతాడని 1964లో వాదించారు. అందుకోసం మన దేశపు ఉదంతం ఒకటి తీసుకున్నారు. పల్లెల్లో అవసరానికి మించిన మనుషులున్నారన్న మాట నిజమైతే, 1918–19 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో అంతమంది చనిపోయినా సాగు విస్తీర్ణం తగ్గకూడదు. కానీ తగ్గింది అని చూపారు. ఆ గణాంక పద్ధతి సరికాదని అమర్త్య సేన్ 1967లో విమర్శించారు. ఇద్దరి వాదాలూ చదవదగినవే. రైతును గౌరవించడంలో మాత్రం నేను షుల్జ్ పక్షమే.

డెలిచ్ గారు 'ష' కిందే ఉండాలి. "షుల్జ్-డెలిచ్, హెర్మన్" అని పెట్టి, 'డ' దగ్గర "షుల్జ్-డెలిచ్ చూడండి" అని ఒక సూచన ఇస్తే చాలు.

కథల పాఠకురాలు:
సాహిత్యం విభాగంలో వెదికితే ఇంకా ఇద్దరు దొరుకుతారు. బ్రూనో షుల్జ్ 1892లో ద్రొహోబిచ్‌లో పుట్టిన యూదు రచయిత, చిత్రకారుడు. రాసింది పోలిష్ భాషలో, ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. ఇంటిపేరు జర్మన్ కావడానికి కారణం, ఆస్ట్రియా పాలకుడు రెండో జోసెఫ్ 1787లో తన రాజ్యంలోని యూదులందరూ స్థిరమైన ఇంటిపేర్లు, అవీ జర్మన్ పేర్లు, పెట్టుకోవాలని ఆజ్ఞాపించడమే. 1942 నవంబరులో ఆయనను ఒక గెస్టాపో (నాజీ రహస్య పోలీసు) ఉద్యోగి నడివీధిలో కాల్చి చంపాడు. జర్మన్ ఇంటిపేరు మోసిన ఈ మనిషిని జర్మన్ల జాబితాలో చేర్చడం నాకు మనస్కరించదు. ఆయనకు "పోలిష్ రచయిత" అనే గుర్తింపే ఇవ్వాలి. రెండోవారు చార్లీ బ్రౌన్‌నూ స్నూపీ కుక్కనూ సృష్టించిన అమెరికా చిత్రకారుడు చార్లెస్ షుల్జ్. తండ్రి జర్మనీలో పుట్టిన మంగలి. 1950 అక్టోబరు నుంచి దాదాపు యాభై ఏళ్లు ఆ బొమ్మలన్నీ సహాయకులు లేకుండా తన చేత్తోనే గీసి, ఆఖరి ఆదివారపు బొమ్మ పత్రికల్లో రావడానికి ముందురోజు రాత్రి, 2000 ఫిబ్రవరి 12న మరణించారు.

హాలె విద్యార్థిని:
ఒక ప్రతిపాదన. జర్మన్ రాతలో ఈ పేర్లు వేర్వేరు రూపాల్లో ఉంటాయి: బెంజమిన్, మాక్స్, బెర్న్‌హార్డ్‌లకు ఒక రూపం, యోహాన్ హైన్‌రిక్, హెర్మన్, ఎర్న్‌స్ట్‌లకు మరొకటి, బ్రూనో, చార్లెస్, మార్టిన్‌లకు ఇంకొకటి. తెలుగులో అన్నీ "షుల్జ్" అయిపోతున్నాయి. ఉచ్చారణకు దగ్గరగా షుల్ట్‌సె, షుల్ట్స్ అని రాస్తే సగం చిక్కు తీరదా?

ముద్రణ చరిత్ర అభ్యాసి:
మీ మాటలో న్యాయం ఉంది, అయినా నేను ఒప్పుకోలేను. మన పుస్తకాలలో "బెంజమిన్ షుల్జ్" అన్న రూపం ఎప్పుడో స్థిరపడింది. పాఠకుడు వెదికేది దాన్నే. పైగా బెంజమిన్ కాలంలో ఒకే మనిషి పేరును ఒకచోట ఒకలా, మరోచోట మరోలా రాయడం మామూలు. రాతను బట్టి మనుషులను విడదీయబోతే, ఆయన ఒక్కరే ఇద్దరుగా తేలే ప్రమాదం ఉంది. సొంత పేరు, జీవిత కాలం, ఊరు, వృత్తి, ఈ నాలుగూ ఇస్తే ఎవరూ కలిసిపోరు.

సూచిక కర్త:
అందరి మాటలూ చదివి ఇలా నిర్ణయించాను. ఇంటిపేరు అంతటా "షుల్జ్" అనే ఉంటుంది; పక్కన సొంత పేరు, సంవత్సరాలు, ఊరు, పని వస్తాయి. ఉదాహరణకు "షుల్జ్, బెంజమిన్ (1689–1760), మద్రాసు, హాలె, తెలుగు వ్యాకరణం, ముద్రణ" అని. హాలె విద్యార్థిని గారు చెప్పిన ఉచ్చారణలను చిన్న అక్షరాలతో కింద ఇస్తాను. మాక్స్, బెర్న్‌హార్డ్ శీర్షికల దగ్గర మాత్రమే "సోదరులు" అని పరస్పర సూచన ఉంటుంది. కొలాయిడ్ల షుల్జ్‌ను హార్డీ పేరు దగ్గర కూడా చూపుతాను, విద్యార్థులు ఆ నియమం పేరుతోనే వెదుకుతారు కాబట్టి. నర్సింగ్ ట్యూటర్ గారూ, డంకన్ పద్ధతికి మీ పాఠ్యపుస్తకంలో వైద్యుడి పూర్తి పేరు ఏమని ఉంది?

నర్సింగ్ ట్యూటర్:
జేమ్స్ మాథ్యూస్ డంకన్. ఎడిన్‌బరోలోనూ తర్వాత లండన్‌లోనూ పనిచేశారు. 'డ' కింద ఆయనకూ విడిగా ఒక శీర్షిక తెరవండి.